ముప్పై ఒక్క తీర్పులు

జూన్ 30

సిన్నీ,

కొలతల పుస్తకం వెనకవైపు నుంచి రాస్తున్నాను. ముందువైపంతా జాకెట్ల కొలతలే, ఇటు ఎవరూ తిప్పి చూడరు. మీ నాన్న అసలే చూడరు. ఆడవాళ్ళ కొలతలు రాసిన పుస్తకం ముట్టుకోవడానికి ఆయనకి సిగ్గు.

ఇవాళ డయాన్ అని ఒకావిడ వచ్చింది. పనివాళ్ళ తరఫున మాట్లాడే సంఘం ఆవిడ. తెల్ల జుట్టు, బాగా పొడుగు. చెప్పకుండానే బూట్లు గుమ్మం బయట విప్పింది. మాట చెప్పడానికి రష్మిని తోడు తెచ్చుకుంది. రష్మి గుర్తుందిగా, రెండు వీధుల అవతల ఉంటుంది, లాయర్ల ఆఫీసులో కాయితాలు చూసే పని. ఇక్కడే అమెరికాలో పుట్టిన పిల్ల కదా, తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది.

నీకు కేసు సంగతి తెలీదు. నువ్వు పోయాక ఆ డెలివరీ కంపెనీ మీద మేము కేసు వేశాం. ఇన్ని ట్రిప్పులు చేస్తే బోనసు అని ఆశ పెట్టి, పొద్దున్నుంచీ వానలో పిల్లని తిప్పారు, అలిసిపోయి ఫ్రీవే మీద అట్లా అయింది, వాళ్ళదే పూచీ అన్నాం. కింది కోర్టులో ఓడిపోయాం. పై కోర్టుకి వెళ్ళాం. అక్కడ ముగ్గురు జడ్జిలు కూర్చున్నారు, తీర్పు రాసింది మాత్రం ఓల్కాట్ అనే ఆవిడ. ఆవిడ రాసిందేమిటంటే, అక్టోబరు తొమ్మిది సాయంత్రం అయిదు యాభైరెండుకి నీ ఫోనులో కంపెనీ కొత్త షరతులు వచ్చాయి, దారిలో ఏం జరిగినా పూచీ నాదే అని అందులో ఉంది, నువ్వు ఒప్పుకుంటున్నానని నొక్కావు, కాబట్టి కంపెనీకి సంబంధం లేదు. ఇంకా పైకి వెళ్ళే గడువు కూడా దాటిపోయింది. అంతటితో అయిపోయింది.

ఇప్పుడు ఆ ఓల్కాట్ గారిని రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద కోర్టుకి వెయ్యబోతున్నారట. గవర్నరు పేరు చెప్పాడు. ముగ్గురు పెద్దలు కూర్చుని సరే అనాలి. ఆ రోజు మామూలు జనం కూడా వెళ్ళి ఆవిడ గురించి మాట్లాడొచ్చు. రెండు నిమిషాలు ఇస్తారు. నన్ను రమ్మంటుంది డయాన్.

ఒక కాయితం చూపించింది. తొమ్మిదేళ్ళలో ఓల్కాట్ గారు రాసిన వ్యాపారం తీర్పులు ముప్పై ఒకటి. కంపెనీ గెలిచినవి ఎరుపు, ఓడినవి నీలం. ఎరుపు ఇరవై ఆరు.

"చూశావా క్రిష్ణా, ఆవిడ మనసు ఎటో ఇందులోనే ఉంది," అంది. రష్మి తెలుగులో చెప్పింది. నన్ను సగం పేరుతోనే పిలుస్తుంది డయాన్.

"మరి ఆ నీలం అయిదూ ఎందుకట?" అన్నాను.

డయాన్ నవ్వింది. అయిదుకేముంది, ఎవరికైనా అయిదుంటాయి అంది.

ఆ రోజు మీ అమ్మాయి హాసిని నిజంగా చదివే నొక్కిందా అని నీ సంగతి కూడా అడిగింది. నాకు ఫోన్ల సంగతి తెలీదని చెప్పాను.

జులై 1

ఫోన్ల సంగతి నాకు నిజంగానే తెలీదు.

జులై 3

డయాన్ నేను చదవాల్సింది రాసి పంపింది. రష్మి దాన్ని తెలుగక్షరాల్లో రాసిచ్చింది, ఇంగ్లీషు మాటలే కానీ మన అక్షరాలు. కింద అర్థం కూడా రాసింది. "ఈ జడ్జి ఎప్పుడూ కంపెనీల పక్షమే. నా బిడ్డ ఆవిడ కంటికి మనిషిలా కనబడలేదు." ఇంకా ఉంది.

మీ నాన్న స్టోరు నుంచి వచ్చి బియ్యం బస్తాల దుమ్ముతోనే నిలబడి చదివారు. రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"చదువు కుమారీ," అన్నారు. "మన చేతిలో ఇంకేముంది. ఈ ఒక్కటన్నా చేద్దాం."

సరే అన్నాను.

జులై 5

రష్మి జాకెట్టు కుట్టించుకోడానికి వచ్చింది. మరదలి పెళ్ళట, ఆగస్టులో. ఆది జాకెట్టు తెచ్చింది.

"ఇది ఎప్పటిదే?" అన్నాను.

"పర్ఫెక్ట్ ఫిట్ ఆంటీ అది. దీనికి కాపీ చేసెయ్యండి."

"అడిగింది అది కాదు. ఎప్పటిది?"

"...పెళ్ళికి ముందుది."

"ఇద్దరు పిల్లల తల్లివి. పెళ్ళికి ముందు ఆది ఇస్తే నేను మీ పెద్దదానికి కుట్టినట్టు అవుతుంది."

"ఆంటీ! మీరు చాలా మీన్."

"మీనో మేషమో, చేతులు ఎత్తు."

కొలుస్తూ ఉంటే ఆ జాకెట్టు లోపలికి తిప్పి చూశాను. పక్క కుట్టు రెండుసార్లు విప్పి మళ్ళీ వేసి ఉంది. పైనుంచి చూస్తే తెలీదు. ఆది తెచ్చిన ప్రతివాళ్ళూ ఇది నాకు సరిగ్గా సరిపోతుందనే అంటారు. లోపల చూస్తే తెలుస్తుంది ఎక్కడ బిగిసిందో, ఎప్పుడు వదిలారో.

అప్పుడనిపించింది. ఆ ముప్పై ఒకటీ నేను పైపైన చూశాను, రంగులు తప్ప ఏం చూడలేదు. రెండు నిమిషాలు నిలబడి ఒక మనిషిని ఇట్లాంటిది అని చెప్పబోతున్నాను. ఆరో తరగతి చదువుకున్నదాన్ని. ఒక్కటన్నా విన్నానా?

"ఆ తీర్పులు నాకు చెప్తావా," అని అడిగాను.

"ఏవి, అన్నీనా? ఆంటీ, థర్టీ వన్ ఉన్నాయి. ఒక్కొక్కటి ఫార్టీ పేజీలు."

"నలభై పేజీలూ వద్దులే. ఎవరు ఎవరి మీద వేశారు, ఏమన్నారు, ఈవిడ ఏమంది. అంతే."

రష్మి నా మొహం చూసి, "జాకెట్టుకి పఫ్ హ్యాండ్స్ పెట్టాలి అయితే," అంది.

జులై 7

ఇవాళ ఆరు తీర్పులు అయినాయి. రష్మి ఆఫీసు నుంచి నేరుగా వచ్చి మిషను పక్కన కూర్చుని చెప్తుంది, నేను హెమ్మింగు చేసుకుంటూ వింటాను. ఒక్కోదానికీ చిన్న కాయితం మీద నాకు అర్థమయినట్టు రాసుకుంటున్నాను.

ఒకటి: గోళ్ళకి రంగులేసే షాపు. వియత్నాం ఆవిడది. మాల్ వాళ్ళు వెళ్ళగొట్టబోయారు. ఒప్పందంలో ఆర్నెల్లు ముందు చెప్పాలని ఉంది, వాళ్ళు చెప్పలేదు. ఓల్కాట్ గారు షాపావిడ వైపు చెప్పింది.

"ఇది డయాన్ కాయితంలో ఏ రంగు?" అన్నాను.

రష్మి చూసింది. "రెడ్."

"ఎరుపెందుకు? పేదావిడే కదా గెలిచింది."

"అంటే... నెయిల్ సలోన్ కూడా కంపెనీయే కదా ఆంటీ. ఎల్ఎల్‌సీ అని రిజిస్టర్ అయింది."

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

జులై 9

పదిహేడు అయినాయి.

ఈ పదిహేడు ఎరుపుల్లో తొమ్మిదింట్లో రెండు పక్కలా కంపెనీలే. ఎవరు గెలిచినా ఎరుపే పడుతుంది. అందులో నాలుగుసార్లు చిన్నవాళ్ళు గెలిచారు. మిగతావాటిల్లో పెద్దవాళ్ళే గెలిచారు, అది నిజం.

వాటిల్లో ఒకటి రాస్తాను. ఒక ముసలాయన, ఆఫీసులు తుడిచే పని. నిచ్చెన మీదనుంచి పడ్డాడు. ముందే ఏదో కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు. నాకు స్పానిష్ తప్ప రాదు, అది ఇంగ్లీషులో ఉంది, ఏముందో ఎవరూ చెప్పలేదు అన్నాడు. ఓల్కాట్ గారు, చదవలేకపోతే చదివించుకుని సంతకం పెట్టాల్సింది అంది.

"ఇంత కఠినంగానా," అన్నాను.

"లా అదే ఆంటీ. యూ సైన్, యూ ఓన్ ఇట్."

"మరి మీ వీధిలో అందరూ అన్నీ చదివే సంతకాలు పెడతారా?"

"నేనే చదవను," అంది. "అదే నా జాబ్ కూడా."

జులై 10

మీ నాన్న జేబులో ఆ కాయితం అట్లానే పెట్టుకు తిరుగుతున్నారు. చొక్కా ఉతకడానికి తీస్తే వద్దన్నారు.

జులై 11

మిగతా ఎరుపులు నిన్నటితో అయిపోయాయి, నీలం అయిదూ ఇవాళ విన్నాను.

నాలుగింటిలో సంగతి ఒక్కటే. కంపెనీ తను రాసుకున్న కాయితాన్ని తనే తప్పింది. ఎంత పెద్ద కంపెనీ అని చూడలేదు ఈవిడ. మీరు రాసుకున్నదే కదా, కట్టుబడండి అంది. ఒక బ్యాంకుని బాగా చివాట్లు పెట్టింది కూడా. రష్మి చదివి నవ్వింది.

అంటే నాకు అర్థమయిందేమిటంటే సిన్నీ, ఈవిడ కంపెనీల మనిషి కాదు. పేదల మనిషీ కాదు. కాయితం మనిషి. కాయితం మీద ఏముంటే అది. ఆ పక్కన ఉన్నది షాపావిడ అయినా బ్యాంకయినా ఒకటే.

అయిదోది పంతొమ్మిదో నంబరు. ముసలివాళ్ళని చూసుకునే హోము. ఒకావిడ తల్లిని అక్కడ చేర్చింది. చేర్చేటప్పుడు కాయితాల మీద కూతురు సంతకం పెట్టింది. తల్లి అక్కడ పడి చనిపోయింది. కేసు వేస్తే హోము వాళ్ళు, కోర్టుకి రామని ఒప్పుకున్నారుగా, ఇదిగో సంతకం అన్నారు.

రష్మి చదువుతూ చదువుతూ ఆగి, "ఇది ఇంట్రెస్టింగ్ ఆంటీ," అంది. "జడ్జి ఏమంటుందంటే, ఇది డాటర్ చెయ్యి, మదర్ చెయ్యి కాదు. మదర్ నువ్వు నాకోసం సైన్ చెయ్యి అని చెప్పినట్టు ప్రూఫ్ లేదు. సో, మదర్ ఒప్పుకున్నట్టు కాదు. కంపెనీ ఓడిపోయింది."

సూది పక్కన పెట్టాను. మళ్ళీ చదవమన్నాను.

మళ్ళీ చదివింది.

తలనొప్పిగా ఉంది, రేపు రమ్మన్నాను.

జులై 12

నొక్కెయ్ అమ్మా అని నువ్వే అన్నావు.

నువ్వు డ్రైవింగులో ఉన్నావు, ఫోను నా చేతిలో ఉంది. ఏదో వచ్చింది. నొక్కెయ్ అమ్మా అన్నావు. నొక్కాను.

జులై 13

అట్లా అనలేదు నువ్వు.

నిజం రాస్తాను. ఇక్కడన్నా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

సాయంత్రాలు నీతో కారులో వచ్చేదాన్ని కదా, ఒక్కదానివే తిరుగుతావని. ఫోను నేను పట్టుకునేదాన్ని. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఆకుపచ్చది నొక్కితే ఆర్డరు వస్తుంది, ఎర్రది నొక్కితే పోతుంది అని నువ్వే నేర్పావు. నాకు గర్వంగా కూడా ఉండేది. మా అమ్మ నా నావిగేటరు అని నీ ఫ్రెండ్స్‌కి చెప్పేదానివి.

ఆ రోజు డబ్లిన్ బులవార్డు మీద సిగ్నలు దాటాం. థాయ్ హోటలు ఆర్డరు వచ్చింది. దాని మీదకి ఇంకో పేజీ వచ్చి పడింది, నిండా అక్షరాలు. కింద ఆకుపచ్చ మీట. నేను చెప్పాను, ఏదో వచ్చిందే అని. నువ్వు ఒక్కసారి చూసి, "ఆగు అమ్మా, పార్క్ చేశాక చూస్తాను. పెద్దగా ఉంది, చదవాలి," అన్నావు.

చదవాలి అన్నావు. నువ్వు మందు సీసా మీద రాసింది కూడా ఆఖరుదాకా చదివే పిల్లవి. నర్సు కోర్సు కదా.

ఆర్డరు పోతుందేమోనని నొక్కేశాను.

"నొక్కావా?" అన్నావు. "సరేలే."

అంతే. కోప్పడలేదు. హోటలు ముందు ఆపి పరిగెత్తావు. తర్వాత ఇద్దరం మర్చిపోయాం. నలభై రోజులకి, నవంబరులో, ఆ వానలో నువ్వు ఒక్కదానివే వెళ్ళావు. నాకు ఎవరివో పెళ్ళి జాకెట్లు ఉన్నాయి ఆ రోజు.

లాయరు మొదటి రోజే అడిగాడు, పాప ఫోను ఇంకెవరైనా వాడేవాళ్ళా అని. అతను ఇంగ్లీషులో అడిగితే మీ నాన్న తెలుగులో అడిగారు నన్ను. నా మొహంలోకి చూసి అడిగారు. లేదన్నాను. మీ నాన్న నో అని చెప్పారు. లాయరు రాసుకున్నాడు.

ఓల్కాట్ గారికి వెళ్ళిన కాయితంలో ఆ నో ఉంది. ఆవిడ కాయితం చూసి రాసింది.

జులై 16

రష్మికి చెప్పాను. దానికి చెప్పడానికి కూడా మూడు రోజులు పట్టింది. జాకెట్టు వేసుకుని చూసుకుంటూ ఉంటే వెనక హుక్కులు పెడుతూ చెప్పాను. మొహం కనబడకుండా ఉంటుందని.

అది వెనక్కి తిరగలేదు.

"ఆంటీ," అంది. "ఇది లాయర్‌కి చెప్పి ఉంటే..."

"తెలుసు. పంతొమ్మిదో నంబరు."

"గెలుస్తామని ష్యూర్ కాదు. మీరు తనకి హెల్ప్ చేస్తున్నారు, ఫోన్ ఇచ్చింది అంటే పర్మిషన్ ఇచ్చినట్టే అని వాళ్ళు ఆర్గ్యూ చేస్తారు. కానీ జడ్జి కనీసం దాని మీద ఆలోచించేది."

"ఆగమంది కదే అది. పర్మిషన్ ఎక్కడిది?"

రష్మి తిరిగింది. ఏడుస్తుంది. ఏడిస్తే పట్టు మీద మరకలు పడతాయి అన్నాను. ఇద్దరం నవ్వాం కాస్త.

ఇప్పుడు తిరగదోడొచ్చా అని అడిగాను. తన బాస్‌ని అడిగి చెప్పింది, కుదరదట. దారులు మూసుకుపోయాయి.

"మరి ఇప్పుడు ఏం చేస్తారు?" అంది.

నేనూ అదే అడుగుతున్నాను. డయాన్ రాసింది చదివితే, నా నోటితో ఇంకోసారి అబద్ధం చెప్పినట్టు. ఈవిడ నా బిడ్డని చూడలేదని నేనెట్లా అనను? చూడాల్సింది నేనే దాచాను. వెళ్ళకపోతే మీ నాన్న ఎందుకని అడుగుతారు. వెళ్ళి నిజం చెప్తే మీ నాన్న వింటారు.

జులై 18

డయాన్‌తో ఫోనులో మాట్లాడాను, రష్మి మధ్యలో. మీ ఎరుపూ నీలం లెక్క తప్పని చెప్పాను. గోళ్ళ షాపు సంగతి చెప్పాను. మంచిదే ఆవిడ, కోప్పడలేదు.

"కొన్ని తప్పు పడ్డాయేమో," అంది. "కానీ ఆ నిచ్చెన మీదనుంచి పడ్డాయన సంగతి తప్పు కాదుగా? రెండు నిమిషాల్లో జనానికి ఒక్క మాటే ఎక్కుతుంది క్రిష్ణా. నువ్వు ఆవిడ కంపెనీల మనిషి అంటే ఎక్కుతుంది. కాయితం మనిషి అంటే, అయితే ఏంటి అంటారు."

"అయితే ఏంటో కూడా చెప్తాను," అన్నాను.

నీ ఇష్టం, నీ రెండు నిమిషాలు అంది. నా పేరు మాత్రం తీసెయ్యలేదు.

జులై 20

మీ నాన్నకి చెబుదామని పొద్దున కాఫీ ఇచ్చి కూర్చున్నాను. ఏమండీ అన్నాను. ఏంటి అన్నారు. ఎల్లుండి స్టోరుకి సెలవు చెప్పారా అన్నాను.

ఎల్లుండి కాదు గురువారం అన్నారు. చెప్పాను అన్నారు.

జులై 22

చెప్పలేదు.

జులై 24

బార్ట్ ట్రైను ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాం, రష్మితో కలిపి ముగ్గురం. మీ నాన్న నీ కాలేజీ ఫొటో చొక్కాకి పెట్టుకున్నారు, డయాన్ ఇచ్చిన పిన్నుతో. నాకు నీ ఫొటో చూడకుండా ఆయన వైపు చూడటం కష్టమయింది దారంతా.

పెద్ద హాలు. ముగ్గురు పెద్దలు ఎత్తు మీద కూర్చున్నారు. ఓల్కాట్ గారు కింద బల్ల దగ్గర, మాకు పక్కగా. నేను ఊహించుకున్నట్టు లేదు. చిన్న మనిషి. చెవి దగ్గర వినికిడి మిషను ఉంది. నల్ల కోటు భుజం దగ్గర లూజు, ఈ మధ్యే చిక్కినట్టుంది. అది నా అలవాటు, మనిషిని చూస్తే కుట్టు చూస్తాను.

ముందు చాలామంది ఆవిడని పొగిడారు. కొందరు తిట్టారు. ఆవిడ అన్నిటికీ ఒకటే మొహం పెట్టింది. తర్వాత నా పేరు పిలిచారు. తప్పుగా పిలిచారు కానీ నాదే అని తెలిసింది.

మీ నాన్న జేబులోంచి కాయితం తీసి నా చేతికి ఇచ్చారు. నేను దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాను.

రష్మి పక్కన నిలబడింది. నేను తెలుగులో చెప్తాను, ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్తుంది అన్నాం. సరే అన్నారు, రెండు నిమిషాలు నాలుగు చేశారు.

చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నా పేరు కృష్ణకుమారి. మా అమ్మాయి హాసిని. మా అమ్మాయి ఫోనులో షరతులకి ఒప్పుకుంటున్నానని నొక్కింది మా అమ్మాయి కాదు. నేను. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. అది ఆగమంది. నేను ఆగలేదు. లాయరు అడిగితే ఎవరూ ముట్టుకోలేదని అబద్ధం చెప్పాను."

ఇక్కడ ఆగాను, రష్మి చెప్పాలి కదా. ఆ హాలంతటిలో అప్పటికి నా మాట తెలిసింది ఇద్దరికే. రష్మికి, మీ నాన్నకి. రష్మి ఇంగ్లీషు మొదలుపెట్టేలోపు ఆ కాసేపు నేను వెనక్కి చూడలేదు.

తర్వాత మళ్ళీ చెప్పాను.

"ఈ జడ్జిగారికి ఆ సంగతి తెలీదు. ఈవిడ వ్యాపారం తీర్పులు ముప్పై ఒకటి చెప్పించుకుని విన్నాను. ఈవిడ కంపెనీల మనిషి అని నన్ను అనమన్నారు. నేను అనను. బ్యాంకు తప్పితే బ్యాంకునీ వదల్లేదు. ఈవిడ కాయితం మనిషి. తల్లి బదులు కూతురు సంతకం పెడితే, ఇది తల్లి చెయ్యి కాదు అంది. ఎందుకంటే ఎవరో ఆ మాట ఆవిడకి చెప్పారు. మా చెయ్యి సంగతి నేను చెప్పలేదు. అది నా తప్పు. కానీ ఆఫీసులు తుడిచే పెద్దాయన చెప్పాడు, నాకు చదవడం రాదు అని. ఈవిడ వినలేదు. అది ఆవిడ తప్పు. చదవడం రానివాళ్ళం సిగ్గుతో చెప్పం. చెప్పినా వినకపోతే ఇంకెప్పుడూ చెప్పం. పెద్ద కోర్టులో ఈవిడ పైన ఇంకెవరూ ఉండరట. అందుకని జడ్జిగారినే అడుగుతున్నాను. కాయితం చూసేముందు నొక్కింది ఎవరు, చదివింది ఎవరు అని మీరే అడగండి. అంతే. ఈవిడని వెయ్యండనీ వద్దనీ నేను చెప్పను."

రష్మి ఆఖరు మాట రెండుసార్లు చెప్పింది.

ఓల్కాట్ గారి వంతు వచ్చినప్పుడు, తను తీర్పు చెప్పిన కేసు గురించి ఇక్కడ మాట్లాడకూడదని అంది. నేను మాట్లాడేటప్పుడు మాత్రం ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో నాకు తెలీదు.

ముగ్గురూ సరే అన్నారు. ఆవిడ పెద్ద కోర్టుకి వెళ్తుంది. డయాన్ నా చెయ్యి పట్టుకుని నొక్కి వెళ్ళిపోయింది.

బార్ట్‌లో తిరిగి వచ్చేటప్పుడు మీ నాన్న మా ముందు సీటులో కూర్చున్నారు. నా పక్కన ఖాళీ ఉంది.

జులై 25

స్టోరులోనే తిని వస్తానన్నారు.

జులై 26

ఇవాళ కూడా.

జులై 27

ఆదివారం, స్టోరు పని పొద్దునే అయిపోతుంది. అయినా సాయంత్రం దాకా రాలేదు. కారులో కూర్చుని ఉన్నారు, మన ఇంటి ముందే. కిటికీలోంచి చూశాను. వెళ్ళి అద్దం కొట్టలేదు.

జులై 29

ఇవాళ స్టోరు నుంచి నేరుగా లోపలికి వచ్చారు. నేను మిషను మీద ఉన్నాను. ఎదురు కుర్చీలో కూర్చున్నారు. రష్మి కూర్చునే కుర్చీ.

"లాయరు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"లాయరు మాట నన్ను అడిగింది మీరు కదా," అన్నాను. "మీ మొహం చూసి చెప్పలేకపోయాను."

"చెప్తే ఏమంటాననుకున్నావు?"

"నువ్వే చంపావు అంటారనుకున్నాను."

మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపేశాను. ఆయన బొటనవేలితో కుర్చీ చెయ్యి గీకారు.

"అనేవాణ్ణే," అన్నారు. "అప్పుడైతే అనేవాణ్ణే కుమారీ."

ఇప్పుడో అని అడగలేదు.

ఇంకో మాట అడిగారు. "చదవాలి అందా అది?"

"పార్క్ చేశాక చదవాలి అంది."

"చదివితే ఒప్పుకునేదా?"

"తెలీదండీ."

"ఒప్పుకునేదేమో," అన్నారు. "బోనసు కావాలిగా. చదివి, మనకి చెప్పకుండా, ఒప్పుకునేది."

అది నన్ను ఓదార్చడానికి అన్నారో, నిజంగానే అనుకున్నారో తెలీదు. నీకు తెలుసు. నాకు ఎప్పటికీ తెలీదు. ఈ మూడేళ్ళలో మీ నాన్నా నేనూ నీ గురించి అంత సేపు మాట్లాడింది ఇవాళే.

లేచి చేతులు కడుక్కుని వచ్చారు. కంచం ఆయనే పెట్టుకున్నారు, నాకూ ఒకటి పెట్టారు. బీరకాయ పప్పు, నిన్నటి చారు. ఉప్పు తక్కువయింది అన్నారు. తక్కువే. వేసుకున్నాం. రెండోసారి అన్నం పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నాను. చాలా రోజులయింది నేను రెండోసారి పెట్టుకుని.

మేము తింటున్నాం సిన్నీ. నువ్వు కూడా, ఎక్కడున్నా, పనుందని ఆర్డరుందని మానెయ్యకు. కూర్చుని, కడుపు నిండా తిను.